జర్మనీ వీసాకు పబ్లిక్ ఇన్సూరెన్సా, ప్రైవేటా?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. జర్మనీలో మెకానికల్ ఎంఎస్‌కు అక్టోబర్ ఇంటేక్‌లో అడ్మిట్ వచ్చింది. అక్కడ పబ్లిక్ హెల్త్ ఇన్సూరెన్స్‌కు నెలకు 140 యూరోల పైనే కట్టాలట. మా కన్సల్టెన్సీ అతను నెలకు 35 యూరోలకే ప్రైవేటు పాలసీ ఇప్పిస్తానంటున్నాడు, వీసాకు అదే చాలంటున్నాడు. అబ్బాయికి చిన్నప్పటి నుంచి ఆస్తమా. ఇన్‌హేలర్ వాడతాడు. ఆ సంగతి ఎక్కడా రాయొద్దని మా బావగారు చెప్పారు, మేమూ వాడికి అదే చెప్పాం. ఏ పాలసీ తీసుకుంటే వీసా రిజెక్ట్ కాకుండా ఉంటుంది? రెండింటికీ తేడా ఏమిటి? (ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ తగ్గించే మాట చెబుతాను. ఆస్తమా ఉందని జర్మనీ స్టూడెంట్ వీసా ఆపరు. ఆ వీసా అధికారి చూసేది అడ్మిషన్, ఏపీఎస్ సర్టిఫికెట్ (మన డిగ్రీ కాగితాలు అసలైనవేనని పరిశీలించి ఇచ్చేది), బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే డబ్బు వేస్తే నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) డబ్బు, జర్మనీలో దిగిన రోజు నుంచి ఇన్సూరెన్స్ ఉందా లేదా అన్నది. మీ అబ్బాయి ఊపిరితిత్తుల గురించి ఆయన అడగడు. ప్రతి ఏడాదీ ఇదే ప్రశ్న నాకు వస్తుంది. కొందరు థైరాయిడ్ అని రాస్తారు, కొందరు షుగర్ అని, కొందరు ఫిట్స్ అని. ఇన్సూరెన్స్ పేరుతో అడుగుతారు గానీ, అసలు భయం పిల్లాడు అంత దూరంలో ఒంటరిగా ఉన్నప్పుడు అర్ధరాత్రి ఆయాసం వస్తే ఎవరు చూస్తారన్నది. ఆ భయానికే జవాబు చెబుతాను.

జర్మనీలో ఇన్సూరెన్స్ అనేది వీసా ఫైల్లో పెట్టి మరిచిపోయే కాగితం కాదు. ఆ దేశంలో ఉండే ప్రతి ఒక్కరికీ అది తప్పనిసరి. అది లేకుండా యూనివర్సిటీలో పేరే నమోదు కాదు. 30 ఏళ్లలోపు విద్యార్థులకు టీకే, ఏఓకే, బార్మర్ లాంటి పబ్లిక్ సంస్థలు స్టూడెంట్ రేటుకు బీమా ఇస్తాయి. మీరు రాసిన 140 చిల్లర యూరోలు ఆ రేటే. ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. అక్కడ ఆరోగ్యం గురించి ప్రశ్నలు అడిగి ఎవరినీ తిప్పి పంపరు. పాత జబ్బు ఉన్నా మొదటి రోజు నుంచే కవర్ అవుతుంది. డాక్టర్‌ను చూడడానికి, ఆస్పత్రిలో చేరడానికి, మందులకు వాళ్లే చెల్లిస్తారు. చీటీలో రాసిన ఒక్కో మందుకు మామూలుగా 5 నుంచి 10 యూరోలు, ఆస్పత్రిలో ఉంటే రోజుకు 10 యూరోలు మన చేతి నుంచి పడతాయి. అంతకు మించి పెద్ద బిల్లు ఇంటికి రాదు.

మరి 35 యూరోల పాలసీ? అలాంటి చౌక పాలసీల్లో పాత జబ్బులకు వర్తించదన్న షరతు మామూలుగా ఉంటుంది. పాలసీ కాగితంలో ఆ పేజీ తీసి చూడండి. అంటే మీవాడికి ఏ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువో, సరిగ్గా దానికే డబ్బు రాదు. ఆస్తమా దాచి పాలసీ తీసుకున్నారనుకోండి, ఆస్పత్రి బిల్లు పంపినప్పుడు పాత రికార్డులు అడుగుతారు. అప్పుడు దాచినందుకే క్లెయిమ్ కొట్టేస్తారు. మీ బావగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ ఈ సలహా పిల్లాడికి హాని చేస్తుంది. మీరు కూడా, అమ్మా, 24 ఏళ్ల కొడుకుకు తన జబ్బు గురించి అబద్ధం చెప్పడం నేర్పి విమానం ఎక్కించకండి. రేపు ఆయాసం వచ్చినప్పుడు డాక్టర్‌కు నిజం చెప్పడానికి కూడా వాడు వెనకాడతాడు. దీని మీద మీతో గట్టిగానే మాట్లాడుతున్నాను, ఏమనుకోకండి.

ఇంకో సంగతి మీ కన్సల్టెన్సీ అతను చెప్పి ఉండడు. యూనివర్సిటీలో చేరేటప్పుడు పబ్లిక్ వద్దు, ప్రైవేటు చాలు అని మినహాయింపు తీసుకుంటే, ఆ చదువు పూర్తయ్యేదాకా పబ్లిక్‌లోకి తిరిగి రావడానికి లేదు. మొదటి నెలల్లో చేసే సంతకం అది. రెండో ఏడాది ఆస్తమా ముదిరినా మార్చుకోలేరు. రెసిడెన్స్ పర్మిట్ కోసం వెళ్లినప్పుడు అక్కడి ఆఫీసు ఆ చౌక పాలసీని చాలదని తిప్పి పంపవచ్చు కూడా. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు కదా, ఆ కాలంలోనూ ప్రైవేటు వాళ్ల మీదే ఆధారపడాలి. పబ్లిక్‌లో ఉన్నవాళ్లకు అప్పుడు స్టూడెంట్ రేటు పోయి నెలకు 200 యూరోలు దాటుతుంది, అది నిజమే. కానీ బీమా మాత్రం తెగకుండా కొనసాగుతుంది.

అయితే ట్రావెల్ పాలసీ అసలు వద్దని కాదు. అది కావాలి, కొద్ది రోజులకే. పబ్లిక్ బీమా సెమిస్టర్ మొదలైన తేదీ నుంచి, లేదా ఆ తర్వాత నమోదైతే ఆ రోజు నుంచి పనిచేస్తుంది. వింటర్ సెమిస్టర్ చాలా యూనివర్సిటీల్లో అక్టోబర్ 1న, అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో ఎక్కువగా సెప్టెంబర్ 1న మొదలవుతుంది. మీవాడు గది వెతుక్కోవడానికి సెప్టెంబర్ మధ్యలోనే వెళితే ఆ మధ్య రోజులకు ట్రావెల్ పాలసీ ఉండాలి. విమానం దిగే తేదీ దాంట్లో ఉండాలి. వీసాకు చూసేది కూడా ముఖ్యంగా ఈ ఖాళీనే. టికెట్ ముందుకు జరిపి పాలసీ తేదీ మార్చడం మరిచిపోయే పిల్లలే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పడతారు.

30 దాటినవాళ్లకు, యూనివర్సిటీలో చేరకుండా భాషా కోర్సుకు మాత్రమే వెళ్లేవాళ్లకు ఈ స్టూడెంట్ రేటు ఉండదు. మీవాడికి ఆ బెడద లేదు.

నెలకు 14 వేల రూపాయలు మీకు బరువుగా అనిపించడం సహజం. కానీ అంత బరువు ఎందుకు అనిపిస్తోందో కూడా ఆలోచించండి. జర్మనీలో చదువు ఫ్రీ అని చెప్పి మిమ్మల్ని ఒప్పించారు. ఫ్రీ అన్న మాట విన్నాక ప్రతి ఖర్చూ అన్యాయంగా కనిపిస్తుంది. ఈ జర్మనీ మోజు మీద నాకు ఉన్న అనుమానాలు దాచుకోను. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేని మాట వాస్తవమే. కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనలాంటి విదేశీ విద్యార్థులకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు ఉంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 వింటర్ నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4 వేల నుంచి 6 వేల యూరోలు వసూలు చేస్తోంది. ప్రైవేటు యూనివర్సిటీల సంగతి వేరే చెప్పాలా? అడ్మిట్ లెటర్ మీద ఉన్న యూనివర్సిటీ ప్రభుత్వానిదో ప్రైవేటుదో తెలియకుండానే ఫీజు కట్టేసిన తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. మీది ఏదో ఇవాళే చూసుకోండి.

బ్లాక్డ్ అకౌంట్‌లో పెట్టమన్న 11,904 యూరోలు నెలకు 992 చొప్పున చేతికి వస్తాయి. అందులో బీమా పోగా మిగిలిన దాంతో అద్దె, తిండి, బస్సు. పెద్ద నగరంలో అది చాలీచాలనట్టే ఉంటుంది. పార్ట్‌టైమ్ ఉద్యోగంతో అంతా తీరిపోతుందని ఎవరైనా చెబితే మొదటి సెమిస్టర్‌కు దాన్ని లెక్కలోకి తీసుకోకండి. భాష రాని పిల్లాడికి వెంటనే పని దొరకదు. మెకానికల్ అన్నారు. అక్కడి ఇంజనీరింగ్ కంపెనీలు ఇంటర్వ్యూలో జర్మన్ మాట్లాడిస్తాయి. పైగా కార్ల పరిశ్రమకు ఇప్పుడు మంచి రోజులు కావు. 2030లోపు జర్మనీలో 35 వేల ఉద్యోగాలు తగ్గించేందుకు ఫోక్స్‌వ్యాగన్ 2024 డిసెంబర్‌లో కార్మిక సంఘంతో ఒప్పందం చేసుకుంది. వెళ్లొద్దని అనడం లేదు. వెళ్లే ముందు జర్మన్ బీ1 (భాషలో మధ్యస్థాయి) దాకా నేర్చుకుని వెళ్లమంటున్నాను. ఇన్సూరెన్స్‌లో నెలకు వంద యూరోలు మిగల్చడం కన్నా ఆ ఆరు నెలల భాషా క్లాసు మీ కొడుక్కి ఎక్కువ డబ్బు తెచ్చిపెడుతుంది.

ఇక ఆ అర్ధరాత్రి భయం గురించి. అక్కడ అత్యవసరానికి 112కు ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది. ప్రాణం మీదికి రాని ఇబ్బందికి రాత్రిపూట, సెలవు రోజుల్లో 116117. ఆస్తమా జర్మనీలో చాలామందికి ఉంది, డాక్టర్లకు అది కొత్త కాదు. దిగిన మొదటి నెలలోనే, ఆయాసం రాకముందే, ఇంటి దగ్గర ఉన్న ఒక డాక్టర్ దగ్గర పేరు నమోదు చేసుకోమనండి. జబ్బు చేశాక వెతికితే కొత్త పేషెంట్‌ను తీసుకునే క్లినిక్ దొరకడానికి సమయం పడుతుంది. నా దగ్గర నుంచి వెళ్లిన ఆస్తమా పిల్లలు చక్కగా చదువుకుంటున్నారు. మీవాడూ చదువుకుంటాడు.

ఈ వారంలో చేయాల్సినవి చెబుతాను. పబ్లిక్ సంస్థ వెబ్‌సైట్‌లో అబ్బాయి పేరు మీద అప్లై చేయించండి, ఇక్కడి నుంచే చేయవచ్చు. చేరినట్టు యూనివర్సిటీకి వాళ్లే ఆన్‌లైన్‌లో తెలియజేస్తారు. వయసు 23 దాటింది, పిల్లలు లేరు కాబట్టి రేటులో కొంచెం అదనం ఉంటుంది, కంగారు పడకండి. మీ పల్మనాలజిస్ట్ దగ్గర ఇంగ్లీషులో లెటర్ తీసుకోండి. జబ్బు పేరు, ఇన్‌హేలర్‌లోని మందు పేరు, మోతాదు అందులో ఉండాలి. బ్రాండ్ పేరు ఒక్కటే ఉంటే అక్కడి ఫార్మసీలో పనికిరాదు. మూడు నెలలకు సరిపడా మందు, ఆ లెటర్ హ్యాండ్ బ్యాగేజీలో పెట్టించండి. వాడితో కూర్చుని, దాచమన్నది తప్పు, ఎవరడిగినా చెప్పు అని మీరే నోటితో చెప్పండి. ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని.