పెరట్లో పాము కనిపిస్తే కర్ర కోసం వెతక్కండి

మల్లెపొద దగ్గర వారంలో రెండుసార్లు పాము కనిపించిందని, ఇంట్లో ఐదేళ్ల పాప ఉందని రాశారు. పక్కింటివాళ్లు కొట్టి చంపేయమంటున్నారని, వెల్లుల్లి నీళ్లు చల్లితే పోతుందా అని అడిగారు. పోదండీ. వెల్లుల్లి, ఇంగువ, కిరోసిన్, ఫినాయిల్ ఏదీ పనిచేయదు. మా అమ్మ ఒక వానాకాలమంతా వెనక గోడ పొడుగునా ఇంగువ నీళ్లు పోసింది. ఆ గోడ వారనే జెర్రిపోతు కుబుసం వదిలి వెళ్లింది. ఇక చంపడం గురించైతే మా ఇంట్లో జరిగింది చెప్తాను, ఆపైన మీరే ఆలోచించుకోండి.

మాది కృష్ణా జిల్లా, దివిసీమ. పెరటి గోడ దాటితే వరి చేలే. 2018 ఆగస్టులో మా వైపు పాముకాట్లు ఎంత ఎక్కువయ్యాయంటే, మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా చేశారు. వానలకు కలుగుల్లోకి నీళ్లొస్తే ఎలుకలు గట్ల మీదికి, ఇళ్లవైపుకి వస్తాయి. వాటి వెనకే పాములూ వస్తాయి. మా బాబాయి అలాంటి రోజుల్లోనే కొబ్బరి మట్టల కింద చుట్టుకున్న పాముని చూసి దుడ్డుకర్రతో నాలుగు దెబ్బలు వేశాడు. అది కదలడం మానేసింది. చచ్చిందనుకుని, బయట పారేద్దామని తోక పట్టుకుని ఎత్తాడు. అది వెనక్కి తిరిగి బొటనవేలి మీద కాటేసింది. రక్తపింజర. కర్ర తీసుకోక ముందు అది ఎవరి జోలికీ రాలేదు, మట్టల కింద పడుకుని ఉందంతే. అసలు చచ్చిన పాము తల కూడా కొంతసేపటిదాకా కాటేయగలదు. ఈ సంగతి మాకు ఆ రోజు తెలీదు.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తర్వాత చేశాం. చేతికి తాడు బిగించి కట్టి, ముందు మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాం. రెండు గంటలు అక్కడే పోయాయి. ఆసుపత్రికి చేరేసరికి చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, చెయ్యి మోచేతి దాకా వాచింది. తర్వాత కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేయాల్సి వచ్చింది. బతికాడు. కానీ ఆ రెండు గంటలు తల్చుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

రెండోది నా చేతులారా జరిగింది. ఆనప పాదుని కోళ్లు తవ్వేస్తున్నాయని చుట్టూ నైలాన్ వల కట్టాను. ఒక పొద్దున చూస్తే అందులో నాగుపాము ఇరుక్కుని ఉంది. ముందుకు పోదామని గుంజుకున్న కొద్దీ పోగులు పొలుసుల మధ్యకి దిగి, నడుము దగ్గర తెల్లటి చర్మం తేలి కనిపిస్తోంది. ఎవరైనా అడుగు ముందుకేస్తే పడగ విప్పి బుస కొట్టేది, వెనక్కి జరిగితే పడగ దించేసేది. పాములు పట్టే కుర్రాడికి ఫోన్ చేశాం. అతను దాని తల పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ గొట్టంలోకి వెళ్లేలా చేసి, వెనక నుంచి చిన్న కత్తెరతో ఒక్కో పోగూ కత్తిరించాడు. ముప్పావు గంట పట్టింది. చివరి పోగు తెగేసరికి అది అలిసిపోయి కదలకుండా ఉంది. నేను ఆ రోజే వల పీకేసి వెదురు దడి కట్టాను. మీ తోటలో వల ఉంటే దయచేసి తీసేయండి. పాము అందులో ఇరుక్కుంటే దానికీ నరకమే, విడిపించబోయిన మనిషికీ ప్రమాదమే.

మీరు చెప్పిన వర్ణన (పొడుగ్గా, గోధుమ రంగులో, మనిషిని చూడగానే చరచరా పోయింది) చూస్తే జెర్రిపోతు కావచ్చు. పెద్ద గుండ్రటి కళ్లు, పెదవుల మీద నల్లటి నిలువు గీతలు ఉంటాయి. విషం ఉండదు. ఎలుకల్ని తినడంలో దాన్ని మించింది లేదు. కానీ రంగు చూసి విషం లేదని ధైర్యంగా దగ్గరికి వెళ్లొద్దు. కట్లపాములాగే తెల్ల పట్టీలుండే విషం లేని పాములున్నాయి. తెలిసినవాళ్లే తడబడతారు. ప్రెషర్ కుక్కర్ ఆవిరిలా ఆగకుండా బుస వినిపిస్తే మాత్రం అది రక్తపింజర అనుకుని ఉన్నచోటి నుంచే వెనక్కి జరగండి. అది జెర్రిపోతులా పారిపోదు, ఎండుటాకుల్లో కలిసిపోయి అక్కడే పడుకుంటుంది.

కనిపించినప్పుడు చేయాల్సింది చాలా తక్కువ. పది అడుగులు వెనక్కి రండి. పాపని, కుక్క ఉంటే కుక్కని లోపలికి పంపి, తలుపు కింద సందులో గోనెసంచి కుక్కండి. ఒక మనిషి దూరం నుంచి దాని మీద కన్నేసి ఉంచాలి, లేకపోతే ఎటు పోయిందో తెలీక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. గోడ దాటి పోతుంటే పోనివ్వండి. పోకుండా ఉంటే అటవీ శాఖకి ఫోన్ చేయండి. హైదరాబాద్‌లో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది, 1995 నుంచి పనిచేస్తోంది. ఆ నంబర్లు ఇవాళే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, పాము ఎదురుగా ఉన్నప్పుడు వెతకడం కుదరదు. వీడియోలు చూసి పట్టే ప్రయత్నం మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

మల్లెపొద దగ్గరికే మళ్లీ మళ్లీ వస్తోందంటే అక్కడ దానికి తిండి, నీడ దొరుకుతున్నాయి. ఎలుక కలుగులు చూడండి. కోళ్ల గింజలు, కుక్క అన్నం రాత్రిపూట బయట వదలొద్దు. ఇటుకలు, కట్టెలు, మట్టలు నేల మీద కుప్పగా ఉంటే తీసేయండి, లేదా అడుగు ఎత్తులో బల్ల మీద పేర్చండి. పొద కింది కొమ్మలు కత్తిరించి నేల కనబడేలా ఉంచండి. బాత్రూమ్ తూముకి జాలీ పెట్టండి. పొదలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి (కర్ర అవసరం అంతవరకే). పువ్వులు పొద్దు వాలాక కోయకండి, బయటికి వెళ్తే టార్చి, చెప్పులు తప్పనిసరి.

నాకు అన్నిటికన్నా భయం కట్లపాముది. అది రాత్రిళ్లు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలోనే కాటేస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, తర్వాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. అజీర్తి అనుకుని వాము నీళ్లిచ్చి పడుకోబెడతారు, ఈలోపు ఊపిరి తీసుకునే కండరాలు పడిపోతాయి. వానాకాలంలో అలాంటి లక్షణాలు కనిపిస్తే పాముకాటేనేమో అని డాక్టర్ని మీరే అడగండి.

ఎవరికైనా కాటు పడితే నడిపించకండి. ఉంగరం, గాజులు, పట్టీలు, మెట్టెలు వాపు రాకముందే తీసేయండి. కాలికో చేతికో బద్ద ఆసరా పెట్టి కదలకుండా వదులుగా గుడ్డ చుట్టండి. బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, ఆకు పసర్లు వద్దు. 108కి ఫోన్ చేసి, కాటు పడిన టైము రాసుకుని, పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. పాముని పట్టుకెళ్లక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే మందు, లక్షణాలు చూసి ఇస్తారు. మీకు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉందో లేదో, వెంటిలేటర్ ఎక్కడుందో రేపే వెళ్లి కనుక్కోండి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది పోయారని అంచనా. వాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో ఇంటి దగ్గరే పోయారు.

ఈ రాత్రికి పాపని కింద పడుకోబెట్టకండి. మంచం మీద పడుకోబెట్టి, దోమతెర అంచుల్ని నాలుగు వైపులా పరుపు కిందికి దోపండి. పాము మళ్లీ కనిపించి, దూరం నుంచి ఫొటో దొరికితే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. ఫొటో కోసం మాత్రం ఒక్క అడుగు కూడా ముందుకెయ్యొద్దు.