అమ్మాయి సొరారిటీలో చేరతానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో పేరున్న విశ్వవిద్యాలయంలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. సొరారిటీలో చేరతానని, అందుకు డబ్బు పంపమని మొన్న ఆదివారం వీడియో కాల్‌లో అడిగింది. అవి తాగుడు, పార్టీల గుంపులని మా ఆడపడుచుగారు అంటున్నారు. వద్దన్నందుకు అమ్మాయి ముభావంగా ఉంటోంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ భయం అకారణమైనది కాదు, అయితే మీ ఆడపడుచుగారి మాట పూర్తిగా నిజమూ కాదు. సొరారిటీలు గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే విద్యార్థినుల సంఘాలు. వాటిలో తొలితరానిది 1851లో జార్జియా రాష్ట్రంలోని ఒక మహిళా కళాశాలలో పుట్టింది. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థినులు 1908లో స్థాపించుకున్న ఆల్ఫా కప్పా ఆల్ఫాలో కమలా హారిస్ కూడా సభ్యురాలే. దక్షిణాసియా అమ్మాయిల కోసం ఏర్పడిన సంఘాలు కూడా 1998 నుంచి ఉన్నాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఎంపిక పద్ధతి. ఇక్కడ ప్రతి పరీక్షలోనూ ముందున్న పిల్ల, అందరూ అలాంటివారే ఉన్నచోటికి వెళ్లి, సీటు దక్కిన కొద్ది నెలలకే మళ్లీ పోటీలో నిలబడాలి. ఒక్కో సంఘం వారితో కొద్ది నిమిషాలు నవ్వుతూ మాట్లాడి, మరుసటి విడతకు ఎవరు పిలుస్తారో, ఎవరు పిలవరో అని ఎదురుచూడాలి. కారణం చెప్పకుండా వద్దన్నప్పుడు, మార్కులు తగ్గినదానికంటే ఎక్కువగా మనసు కుంగుతుంది. నేను హాస్టల్‌లో చేరిన మొదటి రాత్రి, ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక మెస్‌లో కంచం పట్టుకుని నిలబడిపోయిన సంగతి ఇప్పటికీ మరచిపోలేదు. అందుకే, వద్దనే ముందు, రాత్రి భోజనం ఎవరితో కలిసి చేస్తోందో మీ అమ్మాయిని మెల్లగా అడగండి.

మద్యం విషయానికి వస్తే, అక్కడ 21 ఏళ్లు నిండనివారికి అది చట్టవిరుద్ధం. అయినా పార్టీలలో దొరుకుతుందని దాచకుండా మాట్లాడుకోండి. కొత్తవారిని అవమానించే హేజింగ్ మన ర్యాగింగ్ లాంటిదే. మన రాష్ట్రంలో ర్యాగింగ్‌పై 1997లోనే చట్టం వచ్చింది. అమెరికాలో 2024 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం, హేజింగ్‌కు పాల్పడినట్లు తేలిన సంఘాల వివరాలను విశ్వవిద్యాలయాలే ప్రకటించాలి. తాను చేరాలనుకుంటున్న సంఘం పేరు అందులో ఉందేమో అమ్మాయినే చూడమనండి.

రుసుము ఒక్కసారి కట్టి ఊరుకునేది కాదు, సభ్యత్వం ఉన్నన్నాళ్లూ కడుతూనే ఉండాలి. పైగా దుస్తులు, వేడుకల ఖర్చులు వేరు. ఏడాదికి మొత్తం ఎంతవుతుందో రాసి పంపమని, అది మీ స్థోమతకు మించితే ఆ మాట అమ్మాయికి సూటిగా చెప్పండి.