ఎలక్ట్రిక్ కార్లు వందేళ్ల కిందటే ఉంటే, పెట్రోల్ కార్లు ఎలా గెలిచాయి?

ఉండటమే కాదు, కొన్నాళ్లు ముందున్నాయి కూడా. గంటకు 100 కి.మీ. వేగం దాటిన తొలి కారు బ్యాటరీదే. 1899లో ఫ్రాన్స్‌లో కమీల్ జెనాట్జీ నడిపాడు. అప్పట్లో పెట్రోల్ కారు స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పాలి. ఇంజిన్ ఒక్కోసారి వెనక్కి తన్నేది, మణికట్టు విరిగేది. బ్యాటరీ కారుకి ఆ టెన్షన్ లేదు, పొగ లేదు, గేర్లు మార్చే పనీ లేదు. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా సైతం డిట్రాయిట్ ఎలక్ట్రిక్ కారే వాడేవారు!

తమాషా ఏమిటంటే, దాని కొంప ముంచింది ఒక ఎలక్ట్రిక్ మోటారే. చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టర్ 1912 కాడిలాక్ పెట్రోల్ కారులో వచ్చింది. హ్యాండిల్ బాధ తప్పింది. ఈలోగా ఫోర్డ్ మోడల్ టీ ధర దాదాపు 850 డాలర్ల నుంచి తగ్గుతూ 1920ల్లో 300 లోపుకు దిగింది. పెట్రోలూ చవకైంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలేమో బరువెక్కువ, వెళ్లే దూరం తక్కువ. పల్లెల్లో కరెంటే లేదు, ఇక ఛార్జింగ్ ఎక్కడ?

కాబట్టి అసలు అడ్డంకి మోటారు కాదు, బ్యాటరీ. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది, కార్ల కోసం కాదు. ల్యాప్‌టాప్‌లలో వాడే అలాంటి చిన్న సెల్స్‌నే 6,831 పేర్చి 2008లో టెస్లా రోడ్‌స్టర్ తయారైంది.