హాజరు పట్టీ పక్కన పెట్టి, ముందు మహిళల రోజు ఎలా గడుస్తుందో అడుగు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. మహిళల హక్కుల కోసం, ఆదాయం కోసం పనిచేసే బృందం బాధ్యత నీకు అప్పగించారని చదివి సంతోషించాను. మొదటి మూడు నెలల ప్రణాళిక జతచేసి, లోపాలుంటే మొహమాటం లేకుండా చెప్పమన్నావు. అందులో నాయకత్వ శిక్షణ ఉంది, రుణాలు ఉన్నాయి, చట్టాల మీద అవగాహన సదస్సులు ఉన్నాయి. ఆ మహిళలకు వీటన్నిటికీ తీరిక ఎక్కడినుంచి వస్తుందన్నది మాత్రం ఒక్క వాక్యంలోనైనా లేదు. మొదట్లో నేనూ సరిగ్గా ఇలాంటి ప్రణాళికే రాశాను కనుక నిన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. అది ఎలా చతికిలబడిందో మాత్రం చెప్పగలను.

మా శిక్షణ ఉదయం పది గంటలకు మొదలయ్యేది. మొదటి వారం నలభై మంది వచ్చారు. ఆరో వారానికి పదకొండు మంది మిగిలారు. రానివారికి ఆసక్తి లేదని నివేదికలో రాసి పంపించాను. ఆ మాట రాసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. మిగిలిన పదకొండు మందిలో ఒకావిడ ఎప్పుడూ కూర్చునేది కాదు, గుమ్మం దగ్గరే నిలబడి వినేది. ఒకరోజు ఆవిడను ఆపి, నిన్న నిద్ర లేచిన దగ్గరనుంచి పడుకునేదాకా ఏమేం చేశారో చెప్పమని అడిగాను. "నేనేం చేశానండీ, ఇంట్లో ఖాళీగానే ఉన్నాను" అంది. అప్పుడు గంట గంటకూ విడదీసి అడుగుతూ రాసుకున్నాను. కాగితం రెండు వైపులా నిండింది. మంచం పట్టిన అత్తగారిని రోజుకు ఆరుసార్లు పక్కకు తిప్పాలట. తిప్పకపోతే ఒళ్లు పుళ్లు పడుతుంది. గుమ్మం దగ్గర నిలబడితే ఆ ముసలావిడ పిలుపు వినబడుతుంది, లోపల కూర్చుంటే వినబడదు. ఆరు వారాలు ఆవిడను చూస్తూ కూడా నాకు ఈ సంగతి తట్టలేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వెలువరించిన లెక్క ప్రకారం, జీతం లేని ఇంటి చాకిరీ మీద, సంరక్షణ మీద మహిళలు రోజుకు సగటున 4 గంటల 25 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 1 గంట 23 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పనిచేసే వయసులో ఉన్న 60 కోట్లకు పైగా మహిళలు ఈ సంరక్షణ బాధ్యతల కారణంగానే ఉపాధికి దూరంగా ఉండిపోయారు. కాబట్టి ప్రణాళిక అమలు ఒక నెల ఆపు. ఇరవై ఇళ్లకు వెళ్లి, ఆడవాళ్ల రోజును, అదే ఇంట్లో మగవాళ్ల రోజును పక్కపక్కన రాసుకో. ఆ తర్వాత సమావేశం వేళ నువ్వు నిర్ణయించవద్దు, వాళ్లనే నిర్ణయించమను. పక్క గదిలో పిల్లలను చూసుకునే మనిషిని జీతమిచ్చి పెట్టు. ఆ ఖర్చు వృథా అని మీ పై అధికారులు అంటే, వక్తకు ఇచ్చే పారితోషికంలోనుంచి తీయమని చెప్పు. ఇంకొక్కటి ఎప్పుడూ కనిపెట్టి ఉండు: తల్లి శిక్షణకు వచ్చినప్పుడు చిన్నపిల్లవాణ్ని చూసుకోవడానికి పెద్ద కూతురు బడి మానేసిందా? మానేస్తే, తల్లికి నువ్వు ఇచ్చినదంతా కూతురి దగ్గరనుంచి తీసుకున్నదే. మా దగ్గర నలుగురు ఆడపిల్లలకు అలా జరిగింది. బడి హాజరు చూసేదాకా మేం గమనించలేదు.

ఈ కనబడని పనిని లోకానికి చూపించిన తీరులో ఐస్‌లాండ్ మహిళలది నాకు ఎంతో ఇష్టం. 1975 అక్టోబరు 24న దాదాపు 90 శాతం మంది మహిళలు ఉద్యోగానికి వెళ్లలేదు, ఇంట్లో వంట చేయలేదు, పిల్లలను చూసుకోలేదు. బడులు, చేపల కర్మాగారాలు, టెలిఫోన్ సేవలు స్తంభించాయి, తండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని కార్యాలయాలకు వెళ్లారు. మొదట సమ్మె అనే ప్రతిపాదన వచ్చింది కానీ, ఆ మాటకు జంకేవారు చాలామంది ఉన్నారని గ్రహించి, దాన్ని "సెలవు రోజు" అన్నారు. ఆ ఒక్క మార్పుతో, సమ్మె అంటే గడప దాటనివాళ్లు కూడా కలిసివచ్చారు. మరుసటి ఏడాదే సమానత్వ చట్టం వచ్చింది. 1980లో విగ్దిస్ ఫిన్‌బొగాదొత్తిర్ దేశాధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. నువ్వు ఎంచుకునే మాట విషయంలోనూ ఇంత జాగ్రత్త పడాలి. "సాధికారత" అన్న పదం కరపత్రంలో బాగానే ఉంటుంది గానీ, దాన్ని విని ఇంట్లోనుంచి లేచి వచ్చిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇక డబ్బు సంగతి. రుణం ఎంతమందికి ఇచ్చామన్నది అందరూ లెక్కపెడతారు, ఇచ్చిన డబ్బు ఎవరి చేతిలో ఉందన్నది ఎవరూ అడగరు. ఒకసారి ఒక సభ్యురాలిని, ఇంకా ఎంత బాకీ ఉందమ్మా అని అడిగితే, జవాబు చెప్పకుండా కిటికీలోనుంచి బయట నిలబడ్డ భర్త వైపు చూసింది. సంతకం ఆమెది, పాసుపుస్తకం ఆయన జేబులో ఉంది, వాయిదా కట్టవలసిన బాధ్యత మళ్లీ ఆమెదే. బంగ్లాదేశ్‌లో గ్రామీణ రుణాలను పరిశీలించిన గోయెట్జ్, సేన్ గుప్తా 1996లోనే ఈ సంగతి బయటపెట్టారు: మహిళల పేరిట ఇచ్చిన రుణాల్లో గణనీయమైన భాగం ఇంటి మగవారి అధీనంలోనే ఉంది. రుణం చెడ్డదని నేననడం లేదు. డబ్బు చేరే దారి ముఖ్యమంటున్నాను. మధ్యప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలిని మహిళల సొంత బ్యాంకు ఖాతాల్లో వేసి, ఖాతా వాడుకోవడం కూడా నేర్పించినప్పుడు వారు కూలి పనికి వెళ్లడం పెరిగిందని 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. ఖాతా తెరిపించి ఊరుకోకు. డబ్బు తీయడం, నిల్వ చూసుకోవడం ఆమె స్వయంగా రెండు మూడుసార్లు చేసేదాకా పక్కన ఉండు, ఆ తర్వాత పక్కకు తప్పుకో.

నాయకురాలిని ఎంపిక చేసేటప్పుడు నీ కన్ను సహజంగానే బాగా మాట్లాడే మనిషి మీద పడుతుంది. మా మొదటి అధ్యక్షురాలు అలా వచ్చినావిడే. అయిదేళ్లు మైకు వదలలేదు, ఆవిడ వెళ్లిపోయేసరికి లెక్కల పుస్తకం చదవగలిగినవారు ఒక్కరూ మిగల్లేదు. ఆ తర్వాత మేం పద్ధతి మార్చాం: నెలనెలా లెక్కలు వేరే వేరే మనిషి లేచి నిలబడి పైకి చదవాలి, అంకె తడబడితే ఎవరూ అందించకూడదు. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించలేనంత పొడుగ్గా ఉండేది. ఇప్పుడు ఎవరు చదివినా మిగతావాళ్లు తప్పు పట్టుకుంటున్నారు.

పదవుల్లో కోటాల గురించి నీకు వాదనలు ఎదురవుతాయి, "పేరు ఆమెది, పెత్తనం ఆయనది" అంటారు. అది కొన్నిచోట్ల నిజమే, కాదని వాదించి పరువు పోగొట్టుకోకు. అయినా జరిగినదేమిటో చూడు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల్లో సర్పంచి పదవి మహిళలకు రిజర్వు అయిన చోట తాగునీటి మీద పెట్టుబడి పెరిగిందని చటోపాధ్యాయ్, డ్యూఫ్లో అనే పరిశోధకులు 2004లో చూపించారు. అంతకన్నా విలువైన సంగతి తర్వాత తెలిసింది: బెంగాల్లో వరుసగా రెండు విడతలు మహిళలు పదవిలో ఉన్న గ్రామాల్లో, ఆడపిల్లల చదువు గురించి తల్లిదండ్రులకున్న ఆశ, మగపిల్లల విషయంలో ఉన్న ఆశకు దగ్గరగా వచ్చింది. రెండు విడతలంటే పదేళ్లు. మీకు నిధులిచ్చేవారు మూడేళ్లలో ఫలితం అడుగుతారు కనుక, ఈ లెక్క వారి ముందు మొదటిరోజే పెట్టు. రువాండా 2003 రాజ్యాంగం పదవుల్లో మహిళలు కనీసం 30 శాతం ఉండాలనే చెప్పింది, 2008కల్లా పార్లమెంటు దిగువ సభలో మహిళలు సగం దాటారు. అంత వేగం అన్నిచోట్లా వస్తుందని మాట ఇవ్వకు.

చట్టాల గురించి క్లుప్తంగా చెబుతాను, నీకు నాకన్నా ఎక్కువ తెలుసు. మహిళల పట్ల వివక్షను తొలగించడానికి ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించిన సీడా ఒప్పందం మీద చాలా దేశాలు సంతకం చేస్తూనే, ముఖ్యంగా వివాహ, కుటుంబ విషయాలకు సంబంధించిన 16వ అధికరణం మీద మినహాయింపులు పెట్టుకున్నాయి. నువ్వు పనిచేసే దేశం వేటికి మినహాయింపు పెట్టిందో ముందు చదువు. కనీసం నాలుగేళ్లకొకసారి ప్రభుత్వం నివేదిక ఇవ్వాలి, ఆ సమయంలో స్వచ్ఛంద సంస్థలు తమ ప్రత్యామ్నాయ నివేదికను ఆ ఒప్పందం అమలును చూసే ఐక్యరాజ్యసమితి కమిటీకి నేరుగా పంపవచ్చు. నువ్వు రాసుకునే ఆ ఇరవై ఇళ్ల కాగితాలు అక్కడ అక్కరకొస్తాయి.

ఒక హెచ్చరిక మాత్రం వాయిదా వేయవద్దు. ఆడమనిషి చేతికి డబ్బు రాగానే కొన్ని ఇళ్లలో తగాదా మొదలవుతుంది, కొన్నిచోట్ల చెయ్యి కూడా లేస్తుంది. మొదటి రుణం ఇవ్వడానికి ముందే, అర్ధరాత్రి వెళ్లగలిగే చోటు, ఎత్తి మాట్లాడే ఫోను నంబరు, నమ్మదగిన న్యాయవాది, ఈ మూడూ సిద్ధంగా ఉండాలి. లేకపోతే రుణాలు ఆపు. మగవాళ్లతో కూడా విడిగా కూర్చుని మాట్లాడు. ఉపన్యాసం ఇవ్వకుండా, ఆడవాళ్ల రోజు, మగవాళ్ల రోజు పక్కపక్కన రాసిన ఆ కాగితాలు వాళ్ల ముందు పెట్టి మౌనంగా ఉండు. మా గుమ్మం దగ్గరి ఆవిడ భర్త ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు, మూడో రోజునుంచి మధ్యాహ్నం రెండు తడవలు తల్లిని తనే తిప్పడం మొదలుపెట్టాడు. ఆ రెండు తడవల వల్లనే ఆవిడ మొదటిసారి సమావేశంలో కూర్చుంది.

ఇరవై కాగితాలు పూర్తయ్యాక నకళ్లు నాకు పంపించు, పేర్లు తీసేసి పంపు. వాటితోపాటు మొదటి నెల లెక్కలు ఎవరు చదివారో, ఎక్కడ ఆగారో కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ