హీరోగారి సంగతి తర్వాత, ముందు పక్కవాళ్ళని చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ ముప్పాతిక వంతు పాత సినిమాల మీదే. సెలవలకి పిల్లలొచ్చి పెద్దవాళ్ళ చేతిలోంచి రిమోట్ లాక్కుంటే ఇలాంటి తగాదాలే వస్తాయి మరి. నాకు తోచింది నేను చెప్తాను. నేను విమర్శకుణ్ణి కాదు, అభిమానిని, కాబట్టి పక్షపాతం ఉంటుంది, సర్దుకుపోవాలి.

ప్రశ్న: ఎన్టీఆరా, ఏఎన్నారా? ఒక్క మాటలో చెప్పండి, తప్పించుకోకండి.
— ఒక గృహిణి, పాలకొల్లు

ఎస్వీఆర్.

తప్పించుకోవడం కాదండీ, నిజంగానే చెప్తున్నా. ‘మాయాబజార్’ (1957) తీసుకోండి. కృష్ణుడిగా ఒక పెద్ద హీరో, అభిమన్యుడిగా ఇంకో పెద్ద హీరో, ఇద్దరూ ఉన్నారు. అయినా ఆ సినిమా చూసొచ్చిన పిల్లాడు ఇంట్లో పప్పుగుత్తి భుజాన పెట్టుకుని తిరిగేది ఎవరిలా? ఎస్వీ రంగారావు వేసిన ఘటోత్కచుడు సినిమా చాలా దూరం నడిచాక గానీ తెరమీదికి రాడు, వచ్చాక మిగతావాళ్ళని చూడాలంటే కాస్త ప్రయత్నం చెయ్యాలి. ‘పాతాళ భైరవి’ (1951)లో నేపాళ మాంత్రికుడు వేసేనాటికి రంగారావుగారికి ముప్పై మూడేళ్ళు కూడా నిండలేదు, ఆ గొంతూ ఆ చూపూ చూస్తే నమ్మబుద్ధి కాదు. ‘నర్తనశాల’ (1963)లో కీచకుడికి జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఏషియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చారు. హీరోకి కాదు, భీముడి చేతిలో చచ్చేవాడికి! మన పురాణాలు ఎరగని జడ్జీలకి కూడా అర్థమైందంటే అది మొహం చేసిన పనే.

మీరు పాలకొల్లు వారు కదా, అల్లు రామలింగయ్యగారి పేరు చెప్పలేదని కోపం తెచ్చుకోకండి, ఆయన దగ్గరికి కూడా వస్తా.

ప్రశ్న: మా అమ్మమ్మ పాత సినిమాలు చూడమని ప్రాణం తీస్తోంది. మూడు గంటలు, పది పాటలు, అందరూ నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు. దేంతో మొదలుపెడితే నాకు నిద్ర రాదు?
— ఇంజినీరింగ్ విద్యార్థి, భీమవరం

ముందు ఏది చూడకూడదో చెప్తా. ‘దేవదాసు’తో మొదలుపెట్టొద్దు. నాగేశ్వరరావుగారి కళ్ళు గొప్పవే, ఘంటసాలగారి పాటలు గొప్పవే, కానీ రెండో సగమంతా ఒక మనిషి కావాలని చచ్చిపోతుంటే చూస్తూ కూర్చోవాలి, ఇరవై ఏళ్ళవాడికి ఆ ఓపిక ఎందుకుంటుంది? నాకే లేదు. (ఈ ముక్కకి వచ్చే తిట్లు వచ్చే నెల వేస్తా.)

‘గుండమ్మ కథ’ (1962) పెట్టుకో. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున నలుగురూ ఉండగా సినిమాకి అత్తగారి పేరు పెట్టారు చూడు, అక్కడే ఉంది దమ్ము. ఎన్టీ రామారావు అంతటివాడు రోటి దగ్గర కూర్చుని పప్పు రుబ్బుతూ ఆడవాళ్ళ మీద పాట పాడతాడు. ఈ రోజుల్లో ఏ హీరోని రుబ్బమన్నా ముందు స్లో మోషన్‌లో రోలు పగలగొడతాడు. తర్వాత ‘మిస్సమ్మ’ (1955) చూడు, ఆ తర్వాత ఒక్కసారిగా దూకేసి వంశీ ‘లేడీస్ టైలర్’ (1986)కి వెళ్ళిపో. అది పాత సినిమాయేనా అని అమ్మమ్మ అడిగితే నువ్వు పుట్టకముందుది, చాలు. అందులో రాజేంద్రప్రసాద్ కంటే బట్టల సత్యం వేసిన మల్లికార్జునరావుని చూడు, నీకు మీ ఊరి వాడెవడో గుర్తొస్తాడు.

ప్రశ్న: సూర్యకాంతంగారు బయట కూడా గయ్యాళేనా? మా అత్తగారిని సరదాకి ఆ పేరుతో పిలిచాను, ఇంట్లో మూడు రోజులు మౌనవ్రతం.
— ఒక కోడలు, కాకినాడ

మూడు రోజులతో వదిలారంటే మీ అత్తగారు మంచావిడ.

సూర్యకాంతంగారు మీ కాకినాడ పక్క మనిషే, వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. బయట మెత్తని మనిషని, షూటింగ్‌కి క్యారియర్లు కట్టుకొచ్చి యూనిట్‌లో అందరికీ వడ్డించేవారని ఆవిడతో పనిచేసినవాళ్ళు చెప్పని ఇంటర్వ్యూ లేదు. కానీ ఆ పేరు పిల్లలకి పెట్టుకోడానికి జనం జంకారంటే ఆవిడ ఎంత పని చేసిందో ఆలోచించండి. ఎడమ చెయ్యి తిప్పుతూ మాట్లాడుతుంది, గమనించారా? ఆ చెయ్యి గాలిలోకి లేచిందంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే. అరుపు చాలామంది అరుస్తారు, ఆవిడ అరుపులో లెక్క ఉంటుంది, ఎక్కడ గొంతు పెంచాలో ఎక్కడ దీర్ఘం తియ్యాలో ఎక్కడ టక్కున ఆగి మూతి తిప్పాలో. ‘గుండమ్మ కథ’ చివర్లో ఆవిడ దెబ్బ తిని కూలబడితే మనకి జాలేస్తుంది, అంతసేపూ తిట్టుకున్నవాళ్ళం మనమే. ఈ మాట మీ అత్తగారికి చదివి వినిపించండి, పేరు కాస్త పొగడ్తలా వినపడొచ్చు. బాధ్యత నాది కాదు.

ప్రశ్న: మాయాబజార్‌కి రంగులేశారు కదా, మీ అభిప్రాయం?
— రిటైర్డ్ మాస్టారు, అమలాపురం

మాస్టారూ, 2010లో ఆ రంగుల ప్రింటు రాబట్టి చాలామంది పిల్లలు మొదటిసారి థియేటర్లో చూశారు, ఆ మేలు కాదనను. కానీ నాకు నచ్చలేదు. మార్కస్ బార్‌ట్లే అనే కెమెరా మాంత్రికుడు నలుపుకీ తెలుపుకీ మధ్య ఉన్న ఛాయలన్నీ లెక్కేసుకుని లైట్లు పెట్టాడు. ‘లాహిరి లాహిరి’లో మనం చూసి పరవశించే వెన్నెల దేవుడిచ్చింది కాదు, ఆయన పుట్టించింది. దాని మీద నీలం పూస్తే పూతరేకుకి పెయింటేసినట్టుంది.

అయినా ఆ సినిమాలో నేను చూసేది వెన్నెల కాదు. మాయా శశిరేఖగా సావిత్రిని చూడండి. లోపల ఘటోత్కచుడు ఉన్నాడు, పైన చీర ఉంది. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీలగారి గొంతులోంచి ఉన్నట్టుండి ఘంటసాలగారి గొంతు బయటపడుతుంది, ఆ అరక్షణంలో సావిత్రి భుజాలు మారిపోతాయి, నడక బరువెక్కుతుంది, మళ్ళీ ఏం ఎరగనట్టు సిగ్గుపడుతుంది. పెళ్ళిపీటల మీద కాలు తొక్కించే దగ్గర రేలంగి మొహం చూశారా? ఆ తొక్కుడు ఎంత బరువో మనకి తెలిసేది సావిత్రి కాలు వల్ల కాదు, రేలంగి కేక వల్ల. దెబ్బ కొట్టేవాడికంటే తినేవాడు బాగా చెయ్యాలి, పాతవాళ్ళకి ఆ సంగతి తెలుసు. విడిదింట్లో గిల్పం (మాయ తల్పం), గింబళి (మాయ కంబళి) చేతుల్లో అల్లు రామలింగయ్య, వంగర పడే పాట్లు కూడా అంతే. పాలకొల్లు అమ్మగారూ, మాట నిలబెట్టుకున్నా.

ప్రశ్న: ఇప్పటి విలన్లు ఏడడుగులుంటారు, అరుస్తారు, భయం మాత్రం వెయ్యదు. రావు గోపాలరావు ఒక్క చుట్ట వెలిగిస్తే చాలు. ఏమిటి తేడా?
— ఒక కిరాణా వ్యాపారి, నరసాపురం

తేడా ఏమిటంటే, ఆయన మనకి తెలిసినవాడు.

‘ముత్యాల ముగ్గు’ (1975)లో కాంట్రాక్టరు కత్తి పట్టడు, గొంతు కూడా పెంచడు. పక్కన సెగట్రీ ఉంటాడు, వెనకాల మేళం ఉంటుంది. పొద్దున్నే ఎర్రగా సూర్యోదయమవుతుంటే దాన్ని చూసి హత్య గుర్తు చేసుకుంటాడు, అదీ కళాపోషణ లెక్కలో. అంత చల్లగా మాట్లాడే పెద్దమనుషులు మన లంకల్లో, ఇసుక ర్యాంపుల దగ్గర, చెరువు వేలంపాటల్లో కనపడతారా లేదా చెప్పండి? ముళ్ళపూడి వెంకటరమణ ధవళేశ్వరంలో పుట్టారు, బాపు మీ నరసాపురంలోనే పుట్టారు, ఆ యాస, ఆ వెటకారం ఎక్కడినుంచో తేవాల్సిన పని లేదు వాళ్ళకి. రావు గోపాలరావుగారు కాకినాడ వైపు మనిషి, రాసినవాళ్ళకీ పలికినవాడికీ మధ్య దుబాసీ అక్కర్లేకపోయింది.

ఇంకో సంగతి. ఆ సినిమాలో హీరో ఎవరని అడిగితే నూటికి యాభైమంది బుర్ర గోక్కుంటారు. (శ్రీధర్. హీరోయిన్ సంగీత.) కాంట్రాక్టరు డైలాగులు మాత్రం రికార్డుల మీద అమ్ముడుపోయాయి, పెళ్ళిపందిళ్ళలో మైకుల్లో పాటల బదులు అవే వేసేవారు. ఆ తర్వాత అంత మోత మోగింది ‘దాన వీర శూర కర్ణ’ (1977) డైలాగులే, అక్కడా జనానికి నోటికొచ్చింది దుర్యోధనుడివే.

ఇషాన్ ఆర్య కెమెరాకి జాతీయ అవార్డు వచ్చింది కూడా ఈ సినిమాకే. ఒక్కసారి మాటలు ఆపేసి బొమ్మే చూడండి, పొద్దుటి ఎండ ఆకుల్లోంచి ఎలా దిగుతుందో.

ప్రశ్న: మూగమనసుల్లో సావిత్రి గొప్పా, జమున గొప్పా?
— ఒక బ్యాంకు ఉద్యోగిని, రాజమండ్రి

మొత్తం మీద సావిత్రి. ఆ సినిమాలో జమున. ‘గోదారి గట్టుంది’ పాటలో గౌరి గట్టు మీద గంతులేస్తూ తిరుగుతుంటే, పెద్దింట్లో అమ్మాయిగారు పాపం ఎంత బాగా చేసినా కిటికీలో బొమ్మలాగే కనపడుతుంది. ఆదుర్తి సుబ్బారావుగారు మీ ఊరివారు, గోదారిని ఎక్కడ నిలబడి చూడాలో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. దీన్నే హిందీలో ‘మిలన్’ (1967)గా తీసినప్పుడు హీరో మారాడు, హీరోయిన్ మారింది, గౌరి పాత్రకి మాత్రం జమునే కావాల్సొచ్చింది. దానికి ఆవిడకి ఫిల్మ్‌ఫేర్ వారి సహాయనటి అవార్డు వచ్చింది. ఆ తర్వాత 1989లో మీ ఊరి నుంచే ఎంపీగా గెలిచారు, అది వేరే సినిమా.

ప్రశ్న: పాత టీవీ సీరియళ్ళు నిజంగా బాగుండేవా, లేక వేరే ఛానల్ లేక చూశామా?
— ఒక టైలర్, మండపేట

రెండూనండి. 1987లో ఆదివారం పొద్దున్న రామాయణం వస్తుంటే వీధికొక్క టీవీ, ఆ టీవీకి ఒక పూలదండ. వెదురు గడకి కట్టిన యాంటెన్నా గాలికి కాస్త తిరిగిందంటే రాముడికి బదులు చీమలు కనపడేవి. హిందీ ముక్క రానివాళ్ళు కూడా కదలకుండా కూర్చునేవారు, కథ తెలుసు కదా. కానీ ఉన్న మాట చెప్పుకుందాం, సీరియల్ నత్తనడక, ఒక బాణం బయల్దేరితే అవతలి బాణాన్ని కలిసేలోపు కాఫీ తాగి రావచ్చు. పైగా మనకి ‘లవకుశ’ (1963) చూసిన కళ్ళు. రాముడంటే రామారావు, సీతంటే పెద్దాపురం అంజలీదేవి అని ఖాయమైపోయాక అరుణ్ గోవిల్‌గారు ఎంత చిరునవ్వు నవ్వినా మా ఇంట్లో పెద్దవాళ్ళు ‘కుర్రాడు బానే ఉన్నాడు’ అనేవారు తప్ప దండం పెట్టేవారు కాదు.

తెలుగులో ‘ఋతురాగాలు’ టైటిల్ పాట ఇప్పటికీ వినపడితే చెయ్యి పని ఆగిపోతుంది, కథ మాత్రం ఎవరికీ పూర్తిగా గుర్తులేదు, నాతో సహా. శుక్రవారం చిత్రలహరి అయితే అరగంట పాటల కోసం వారమంతా కాచుకునేవాళ్ళం. అది వేరే దిక్కు లేకే.

ఏ మినహాయింపూ లేకుండా బాగుందనేది ‘అమృతం’ (2001–2007) ఒక్కటే. అందులో అమృతం వేసేవాళ్ళు మారారు, శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్. ఎవరు బెస్టన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. అయినా సీరియల్ చెక్కుచెదరలేదు. ఎందుకంటే ఆంజనేయులుగా గుండు హనుమంతరావు ఉన్నారు, అద్దె కోసం దిగే అప్పాజీ ఉన్నాడు, వాళ్ళ హోటల్లో పనిచేసే సర్వం ఉన్నాడు. హీరోని మార్చొచ్చు, పక్కవాణ్ణి మారిస్తే హోటల్ మూసెయ్యాల్సిందే.

ప్రశ్న: మావాడు డిగ్రీ రెండో సంవత్సరం. సినిమాల్లోకి వెళ్తా, వెళ్తే హీరోగానే అంటున్నాడు. ఏం చెప్పమంటారు?
— ఒక తండ్రి, రావులపాలెం

డిగ్రీ పూర్తి చెయ్యమనండి ముందు. ఎస్వీఆర్ కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలాడుతూ చదువుకున్నారు, కొన్నాళ్ళు ఫైర్ సర్వీసులో ఉద్యోగం కూడా చేశారు. అల్లు రామలింగయ్య ఎన్ని వందల సినిమాలు చేసినా హోమియో మాత్రలు ఇవ్వడం మానలేదు. ‘శంకరాభరణం’ సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరు. మీ పక్కనే రావులపాడులో పుట్టిన రేలంగి 1935లో తెరమీదికొస్తే అసలు పేరొచ్చింది ‘గుణసుందరి కథ’ (1949)తో, మధ్యలో పధ్నాలుగేళ్ళు. తర్వాత తాడేపల్లిగూడెంలో సొంతంగా సినిమా హాలే కట్టుకున్నారు, పద్మశ్రీ కూడా వచ్చింది, హీరో కాకుండానే.

హీరో వేషమే కావాలని పట్టుపడితే మాత్రం ఖర్చు మీదే అవుతుంది, పొలం కాగితాలు బీరువాలో పెట్టి తాళం మీ దగ్గరుంచుకోండి. ఫొటోలు నాకు పంపకండి, నేను చూసి బాగున్నాడని అనగలను, అంతకు మించి నాకెవరూ తెలీదు.