వారసత్వ పన్ను వర్తించనివారు కూడా దానిని ఎందుకు వ్యతిరేకిస్తారు?

అమెరికాలో సమాఖ్య ఎస్టేట్ పన్ను (మరణించినవారి ఆస్తి వారసులకు చేరేముందు దానిపై కేంద్ర ప్రభుత్వం వేసే పన్ను) మరణించినవారిలో వెయ్యికి ఒకరిద్దరి ఆస్తిపైనే పడుతుంది. 2026లో మినహాయింపు పరిమితి ఒక్కొక్కరికి 1.5 కోట్ల డాలర్లు. అయినా సామాన్యులు సైతం దానిని వ్యతిరేకించడానికి ప్రచారమే ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. 1990లలో రిపబ్లికన్ నాయకులు, ఫ్రాంక్ లంట్జ్ వంటి సలహాదారులు దీనిని ‘చావు పన్ను’గా ప్రచారంలోకి తేవడంతో, కొద్దిమంది సంపన్నుల వారసులకు సంబంధించిన వ్యవహారం కాస్తా ఎవరికీ తప్పని మరణంతో ముడిపడింది. ప్రచారకర్తలు ముందు నిలిపింది కోటీశ్వరులను కాదు, పొలం అమ్ముకోవలసి వస్తుందన్న రైతు కుటుంబాలను (నిజానికి ఈ పన్ను పడే పొలాలు బహు స్వల్పం). సంపాదించినప్పుడే పన్ను కట్టాక మళ్లీ ఎందుకన్న వాదన కూడా బలంగా నాటుకుంది. అమ్మకుండా ఉంచుకున్న షేర్ల పెరుగుదలపై అంతవరకూ పన్నే పడలేదన్న సంగతి మరుగున పడింది. 2001 చట్టం ఈ పన్నును క్రమంగా తగ్గించి, 2010లో ఒక ఏడాదిపాటు ఎత్తివేసింది. అయితే దీనిని కట్టేవారు ఎంత తక్కువమందో తెలియజేసినప్పుడు పన్నుకు మద్దతు గణనీయంగా పెరిగినట్లు పరిశోధనల్లో తేలింది.