ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఆర్‌వీ (ఇల్లులాంటి ప్రయాణపు బండి) ఫ్రిజ్ ఆన్‌లోనే ఉంచాలా?

వారం పది రోజుల్లో మళ్లీ బయల్దేరుతూ, బండికి ఇంటి కరెంటు అందుతుంటే ఉంచేయండి. నెలల తరబడి ఆగేదైతే ఆపేయడమే మేలు.

అయితే ముందు మీ ఫ్రిజ్ ఏ రకమో చూసుకోండి. చాలా ఆర్‌వీల్లో ఉండేది అబ్సార్ప్షన్ ఫ్రిజ్. దీనికి కంప్రెసర్ ఉండదు. గ్యాస్ మంటతోనో కరెంటు హీటర్‌తోనో అమ్మోనియా ద్రావణాన్ని మరిగించి చల్లదనం పుట్టిస్తుంది. లోపల పంపు లేదు కాబట్టి ద్రవం తనంతట తాను కిందికి జారాల్సిందే. బండి ఒరిగి ఉంటే ఆ ద్రవం ఒకచోట నిలిచిపోయి, బాయిలర్ మితిమీరి వేడెక్కి, గొట్టాలు పూడిపోతాయి. ఇక కూలింగ్ యూనిట్ మార్చాల్సిందే, ఖర్చు తడిసి మోపెడవుతుంది. కాబట్టి మీ డ్రైవ్‌వే ఏటవాలుగా ఉంటే కరెంటు ఉన్నా సరే, ఆపేయండి. గ్యాస్ మీద నడుస్తుండగా వదిలేసి వెళ్లడం నాకైతే అస్సలు నచ్చదు. పైగా గ్యాస్ మీద నడిచినా కంట్రోల్ బోర్డు 12 వోల్టుల బ్యాటరీని తాగుతూనే ఉంటుంది.

కంప్రెసర్ రకానికి వాలుతో అంత పేచీ లేదు. కానీ కరెంటో సోలారో లేకపోతే ఒకటి రెండు రోజుల్లో బ్యాటరీ పడుకుంటుంది.

ఆపేస్తే ఖాళీ చేసి, డోర్ రబ్బరు మడతల్లో తడి కూడా తుడిచి, తలుపు కాస్త తెరిచి ఉంచండి. మూసేస్తే బూజు, కంపు ఖాయం. లోపల గిన్నెలో వంటసోడా పెడితే ఇంకా మంచిది. అబ్సార్ప్షన్ ఫ్రిజ్ చల్లబడటానికి చాలా గంటలు పడుతుంది, బయల్దేరే ముందు రోజు సాయంత్రమే ఆన్ చేయండి.